జగ్గర్‌నాట్‌ని తెలుగులోకి తెచ్చేటప్పుడు

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన కథ అనువాదం రెండుసార్లు చదివాను. చెయ్యి తిరుగుతోంది, చాలా సంతోషం. నాలుగో పేజీ దగ్గర మాత్రం ఆగిపోయాను. లండన్ శివార్లలో రోడ్డు దాటబోతున్న ముసలాయన ముందు నుంచి "జగన్నాథ రథం దూసుకుపోయింది" అని రాశావు. మూలంలో ఉన్న ఇంగ్లీషు మాట జగ్గర్‌నాట్. మన జగన్నాథుడి పేరు నుంచే పుట్టింది, ఎదురొచ్చినదాన్నల్లా తొక్కుకుంటూ ఆగకుండా పోయేదానికి వాడతారు. నిఘంటువు చూసే రాసి ఉంటావు. కానీ అక్కడ పోయింది లారీ తల్లీ. సరుకులు మోసే భారీ లారీని బ్రిటన్‌లో ఆ మాటతోనే పిలుస్తారు. "పెద్ద లారీ" అని దిద్దెయ్యి, చాలు.

దీనికోసం ఉత్తరం ఎందుకంటే, ఈ మాట నిన్ను ఇక్కడితో వదలదు. ఆటల పేజీలో, ఎన్నికల వార్తలో, కంపెనీల కథనంలో మళ్ళీ మళ్ళీ తగులుతుంది. పత్రిక డెస్కులో ముప్ఫై ఏళ్ళు దీనితో పడ్డవాణ్ణి కాబట్టి చెబుతున్నాను.

ముందు అది ఎక్కడి నుంచి వెళ్ళిందో చూడు. 14వ శతాబ్దంలో ఒడొరిక్ అనే ఇటలీ సన్యాసి మన దేశం తిరిగి వెళ్ళి, ఇక్కడ దేవుడి రథం కింద భక్తులు కావాలని పడి ప్రాణాలు వదులుతారని రాశాడు. ఆ కథ యూరప్‌లో పాతుకుపోయింది. 1803లో పూరీ ఊరు ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. యాత్రికుల దగ్గర కంపెనీ పన్ను కూడా వసూలు చేసింది. క్రైస్తవ ప్రభుత్వానికి ఆ గుడితో పనేమిటని మిషనరీలు గొడవ మొదలుపెట్టారు. 1806లో పూరీ చూసి వెళ్ళిన క్లాడియస్ బుకానన్ అనే పాదరీ 1811లో పుస్తకం వేశాడు. రథం, చక్రాలు, నలిగిన మనుషులు, అదే బొమ్మ అక్కడి జనం మనసుల్లో పడిపోయింది. 1840లో పన్ను తీసేశారు గానీ మాట మాత్రం ఉండిపోయింది.

అదే కంపెనీలో ఒడిశాలో పనిచేసిన ఆండ్రూ స్టెర్లింగ్ అనే అధికారి ఏం రాశాడో కూడా నీకు తెలియాలి. తాను చూసిన నాలుగేళ్ళ రథయాత్రల్లో అలాంటి చావులు మూడే. వాటిలో ఒకటి బహుశా ప్రమాదం. మిగతా ఇద్దరూ ఎంతోకాలంగా భరించలేని జబ్బుతో బాధపడుతున్నవాళ్ళు. అంత జనంలో తొక్కిసలాటలు, ప్రమాదాలు జరగలేదని నేను అనను, జరిగాయి. కానీ ఏటా వందల మంది చక్రాల కింద దూకేవారన్నది కథే. ఒకడు మనల్ని చూసి భయపడి పెట్టిన పేరు తిరిగి మన చేతికే వచ్చినప్పుడు, ఆ భయాన్ని కూడా మనం అనువాదం చెయ్యకూడదు. ఈ విషయంలో నాకు పట్టుదల ఉంది.

ఆ రథం నేను లాగాను. డెస్కులో చేరిన కొత్తలో పలాసలో రైలెక్కి పూరీ వెళ్ళాను. నందిఘోష అంటే జగన్నాథుడి రథం, 16 చక్రాలు, 45 అడుగుల ఎత్తు. ఏటా కొత్త కర్రతో కడతారు. పట్టుకుంటే గుప్పిట మూసుకోనంత లావు కొబ్బరిపీచు మోకు. మా ముందూ వెనకా వందల చేతులు. గంటలు మోగాయి, అందరం లాగాం, కదల్లేదు. మళ్ళీ లాగాం. ఎక్కడో కర్ర కిర్రుమంది, కాళ్ళ కింద నేల కదిలినట్టు అనిపించింది, రథం నడిచింది. పట్టుమని వంద గజాలు పోలేదు, ఆపమని కేకలు, చక్రాల ముందు దుంగలు వేశారు, ఆగింది. దానికి తిప్పే చక్రం ఉండదు, మోకుతోనే దారి సరిచెయ్యాలి. పొద్దుగూకితే లాగరు. రథం చేరాల్సిన గుండిచా గుడి 3 కిలోమీటర్లే అయినా ఆ రోజు చేరలేదు. స్వామి ఆ రాత్రి పెద్దవీధిలోనే ఉన్నాడు. దారిలో సాలబేగుడనే ముస్లిం భక్తకవి సమాధి దగ్గర రథం ఆగడం కూడా ఆచారమే.

అలా ఆగి ఆగి నడిచే రథం పేరు ఇంగ్లీషులో ఆపలేని దానికి గుర్తయింది!

ఇక నీ పని. ఆ మాట కనిపించగానే అక్కడ ఏం జరుగుతోందో చూడు. 1886 నాటి జెకిల్, హైడ్ అనే ఇంగ్లీషు కథలో దుర్మార్గుడైన హైడ్ కిందపడ్డ చిన్నపిల్లను తొక్కి, వెనక్కి కూడా చూడకుండా పోతాడు. చూసినవాడు అతన్ని జగ్గర్‌నాట్‌తో పోలుస్తాడు. అక్కడ కావలసింది తొక్కుకుంటూ పోవడం, జాలిలేకపోవడం. 1867లో మార్క్స్ పెట్టుబడి అనే రథం కింద కార్మికుడి పెళ్ళాం బిడ్డలు పడుతున్నారని రాసినప్పుడు బలి అనే అర్థం ముందుకొస్తుంది. అక్కడ రథం ఉంచాల్సిందే, తీస్తే వాక్యం చచ్చిపోతుంది. క్రికెట్ జట్టు గురించైతే "ఎదురులేని జట్టు" అను. కంపెనీ గురించైతే "అడ్డూ ఆపూ లేకుండా" అను.

అదుపు తప్పడం వేరు, అడ్డు లేకపోవడం వేరు. ఏరు కట్టలు తెంచుకుంటుంది, ఏనుగుకు మదమెక్కుతుంది, బస్సు అదుపు తప్పుతుంది, కుర్రాడికి పట్టపగ్గాలుండవు. ఇవన్నీ ఒక తీరు తప్పిన సంగతులు. జగ్గర్‌నాట్ ఏ తీరూ తప్పదు. తన దారినే వస్తుంది, ఎదురున్నవాడి కోసం పక్కకు తప్పుకోదు. అందుకే "అదుపులేని" అని రాస్తే చాలాచోట్ల తప్పవుతుంది.

ఇంకొకటి. శ్రీశ్రీ 'జగన్నాథుని రథచక్రాలు' రాశాక ఆ మాట తెలుగువాడి చెవికి వేరేగా వినిపిస్తుంది. ఆ చక్రాలు పతితుల కోసం, బాధాసర్పదష్టుల కోసం వస్తాయి. చిన్న దుకాణాలను మింగుతున్న పెద్ద వ్యాపారాన్ని జగన్నాథ రథం అన్నావనుకో, మన పాఠకుడికి ఒక క్షణం ఆ వ్యాపారం మీద గౌరవం పుడుతుంది. నేను ఒకసారి అలాగే రాశాను. శీర్షికలోనే పెట్టాను. మర్నాడు ఒక చేనేత పెద్దాయన ఆఫీసుకొచ్చి, మమ్మల్ని నలిపేదానికి దేవుడి పేరు పెట్టావేం బాబూ అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

ఏడో పేజీలో మళ్ళీ ఆ మాటే ఉంది చూడు, మామగారు ఇంట్లోకి వచ్చే చోట. దాన్ని ముందు నువ్వే ప్రయత్నించి పంపు. నేను చూస్తాను.

మీ పెదనాన్న