సున్నా చూపినప్పుడు నమ్మగలిగే మీటరు

చిరంజీవి అబ్బాయికి పెదనాన్న ఆశీస్సులు.

నీవు సొంతంగా కరెంటు వైరింగు పనులు ఒప్పుకోవడం మొదలుపెట్టావనీ, ఇకపై పరీక్షా పరికరాలు కూడా నీవే సమకూర్చుకోవాలనుకుంటున్నావనీ నీ ఉత్తరం వల్ల తెలిసి సంతోషించాను. ఏ కంపెనీ మీటరు కొనమంటారని అడిగావు. ఆ సంగతికి ముందు తేల్చుకోవలసినది మరొకటి ఉంది. మీటరు చూపే అంకెలన్నింటిలో మన ప్రాణానికి నేరుగా సంబంధించినది సున్నా. 230 చూపిన వైరు మీద ఎవరూ చేయి వేయరు. సున్నా చూపిన వైరు మీదనే వేస్తారు. లైనులో సరఫరా లేకపోతే మీటరు సున్నా చూపుతుంది, నిజమే. కాని లీడు లోపల తెగిపోయినా, ప్రోబు మొనకు తుప్పు పట్టి సరిగా ఆనకపోయినా, సెలెక్టర్ స్విచ్ ఏసీకి బదులు డీసీ మీద ఉండిపోయినా అది చూపేది సున్నానే, లేదా దానికి దగ్గరి అంకెనే. అందువల్ల పరికరాన్ని కొనేటప్పుడైనా, కొన్న తరువాత కాపాడుకునేటప్పుడైనా, ఇది సున్నా అంటే నమ్మి పని మొదలుపెట్టగలనా అన్న ప్రశ్నతోనే ప్రతి విషయాన్నీ తూచుకో.

మల్టీమీటరు చేతికి తీసుకోగానే డిస్‌ప్లే ఎంత పెద్దదో, ఎన్ని ఫంక్షన్లు ఉన్నాయో చూడకు. లీడ్లు గుచ్చే రంధ్రాల పక్కన ముద్రించిన క్యాట్ (కేటగిరీ, అంటే తరగతి) అంకెను ముందు చూడు. ఐఇసి 61010 అనే అంతర్జాతీయ విద్యుత్ ప్రమాణం కొలత జరిగే చోటును బట్టి ఈ తరగతులను ఏర్పరిచింది. సాకెట్‌కు తగిలించి వాడే ఉపకరణాల మీద కొలతలు క్యాట్ 2 కిందికీ, భవనంలోని స్థిరమైన వైరింగు, డిస్ట్రిబ్యూషన్ బోర్డులు, వాటి బస్‌బార్లు క్యాట్ 3 కిందికీ, సరఫరా భవనంలోకి వచ్చే చోటు, సర్వీసు మీటరు, ఓవర్‌హెడ్ లైన్లు క్యాట్ 4 కిందికీ వస్తాయి. పిడుగుల వల్లా, పెద్ద లోడ్లను ఆన్, ఆఫ్ చేయడం వల్లా లైనులో క్షణకాలం వేల వోల్టులు లేచి పడిపోతుంటాయి. సరఫరా మూలానికి దగ్గరయ్యే కొద్దీ అటువంటి తాకిడి వెనుక ఉన్న కరెంటు బలం పెరుగుతుంది.

ఇక్కడ చాలామంది పొరబడే లెక్క ఒకటి ఉంది. క్యాట్ 2 1000 వోల్టులు అని ఉన్న మీటరు, క్యాట్ 3 600 వోల్టులు అని ఉన్న మీటరు పక్కపక్కన పెడితే అంకె పెద్దది కనుక మొదటిదే గట్టిదని అనిపిస్తుంది. నిజానికి రెండింటినీ పరీక్షించేది 6000 వోల్టుల ఇంపల్స్‌తోనే, అంటే క్షణకాలపు తాకిడితోనే. కాని మొదటిదానికి ఆ ఇంపల్స్ ఇచ్చే మూలం ఇంపీడెన్సు (కరెంటుకు కలిగే అడ్డు) 12 ఓంలు, రెండవదానికి 2 ఓంలు. అంటే లోపల ఆర్క్ ఏర్పడితే, అనగా కరెంటు మెరుపులా గాలిలోంచి దూకితే, మొదటి పరీక్షలో 500 ఆంపియర్ల వరకు, రెండవ పరీక్షలో 3000 ఆంపియర్ల వరకు పారే వీలుంటుంది. బోర్డుల మీద పని చేసేవాడికి పనికివచ్చేది రెండవదే. సర్వీసు వైపు కూడా చేయి పెట్టవలసిన వాడివి కనుక క్యాట్ 4 600 వోల్టులు, క్యాట్ 3 1000 వోల్టులు అని రెండూ కలిపి ముద్రించిన మీటరు నీకు సరిపోతుంది.

ముద్ర ఉన్నంత మాత్రాన నమ్మకు. సీఈ అన్న గుర్తు తయారీదారు తానుగా ఇచ్చుకునే ప్రకటన. యూఎల్, టీయూవీ, సీఎస్ఏ వంటి స్వతంత్ర సంస్థల గుర్తు ఉంటే దానికి విలువ ఎక్కువ. వీలైతే వెనుక మూత తెరిపించి ఫ్యూజులను చూడు. క్యాట్ 3 అని రాసి, లోపల సన్నని గాజు ఫ్యూజు పెట్టిన మీటరును అక్కడే వదిలిపెట్టు. ఆంపియర్ల రంధ్రంలో లీడు ఉండగా మరచిపోయి వోల్టేజి కొలవబోతే, మీటరు లైనుకు నేరుగా షార్టు అవుతుంది. అప్పుడు కరెంటును తెంచవలసినది ఆ ఫ్యూజే. వేల ఆంపియర్లను తెంచగల, ఇసుక నింపిన హెచ్‌ఆర్‌సీ ఫ్యూజు ఆ పని చేస్తుంది. గాజు ఫ్యూజు పగిలి, లోపలి ఆర్క్ ఆరకుండా మీటరును చేతిలోనే పేల్చగలదు. నా అభిప్రాయం అడిగితే, వైరింగు పని చేసేవాడికి ఆంపియర్ల రంధ్రమే లేని మీటరు మేలు. కరెంటు కొలవడానికి క్లాంప్ మీటరు ఉండనే ఉంది. ఆ రంధ్రం ఎలక్ట్రానిక్స్ బల్ల మీద కూర్చుని మిల్లీఆంపియర్లు లెక్కపెట్టేవారికి అవసరం.

లీడ్లకు కూడా క్యాట్ అంకె ఉంటుందని మరువకు. మీటరు, లీడు, క్లిప్పు మూడింటిలో అన్నిటికన్నా తక్కువ తరగతి దేనిదో మొత్తం అమరికకూ అదే వర్తిస్తుంది. క్యాట్ 3, క్యాట్ 4 పనులకు ప్రోబు మొన దగ్గర 4 మిల్లీమీటర్లకు మించి లోహం బయటికి కనిపించకూడదు. పొడవాటి మొన రెండు టెర్మినళ్లను కలిపేస్తే జరిగే ప్రమాదానికి మీటరుతో సంబంధం లేదు.

ట్రూ ఆర్‌ఎంఎస్ మీటరే, అంటే తరంగం ఏ ఆకారంలో ఉన్నా అసలు విలువను లెక్కగట్టేదే కొను. సాధారణ మీటరు సగటు విలువను కొలిచి 1.11తో గుణించి చూపుతుంది. తరంగం చక్కని సైన్ ఆకారంలో ఉన్నంతవరకే ఆ లెక్క సరిపోతుంది. ఎల్ఈడీ దీపాలు, కంప్యూటర్లు, మోటారు డ్రైవులు తీసుకునే కరెంటు ఆ ఆకారంలో ఉండదు. అటువంటి చోట్ల సాధారణ క్లాంప్ మీటరు అసలు కన్నా బాగా తక్కువ చూపుతుంది. మీటరు లెక్కలో లోడు తక్కువే ఉంటుంది, న్యూట్రల్ వైరు మాత్రం వేడెక్కుతుంటుంది, ఎంసీబీ (బోర్డులో తనంతట తాను కరెంటు ఆపే స్విచ్) పడిపోతుంటుంది; తప్పు ఎంసీబీదని దాన్ని మార్చి వెళ్లేవారు ఎందరో.

సున్నా రాకుండా తికమక పెట్టే సందర్భమూ ఒకటి ఉంది. డిజిటల్ మీటరు ఇన్‌పుట్ నిరోధం దాదాపు 10 మెగాఓంలు కనుక, సరఫరా తీసేసిన వైరు మరో లైవ్ వైరుతో కలిసి ఒకే పైపులో సాగినా, దాని మీద పదుల వోల్టులు కనిపిస్తాయి. కెపాసిటెన్సు ద్వారా వచ్చే ఈ దొంగ వోల్టేజికి నిజమైన కరెంటు ఇచ్చే శక్తి దాదాపుగా ఉండదు. కొన్ని మీటర్లలో ఉండే లో-జడ్ (తక్కువ ఇంపీడెన్సు) స్థానంలో పెడితే నిరోధం కొన్ని కిలోఓంలకు పడిపోయి దొంగ వోల్టేజి మాయమవుతుంది, నిజమైనది నిలబడుతుంది. ఈ సౌకర్యం ఉన్న మీటరునే ఎంచుకో. కాని లో-జడ్‌తో చూడకుండానే ఇది దొంగ వోల్టేజి అని ఊహించి వైరు ముట్టుకోకు.

సరఫరా లేదని నిర్ధారించడానికి సరైన పద్ధతి ఒక్కటే. మొదట తెలిసిన లైవ్ పాయింటు మీద పరికరం చూపుతోందని నిర్ధారించుకోవాలి; ఆ తరువాత పని చేయబోయే చోట ఫేజు నుంచి న్యూట్రల్‌కు, ఫేజు నుంచి ఎర్తుకు, న్యూట్రల్ నుంచి ఎర్తుకు, మూడు ఫేజులుంటే ఫేజుల మధ్య కూడా చూడాలి; చివరగా మళ్లీ అదే లైవ్ పాయింటు మీద చూడాలి. మూడవ అడుగును చాలామంది వదిలేస్తారు. మధ్యలో లీడు తెగితే దాన్ని పట్టించేది ఆ అడుగే. ఈ పనికి మల్టీమీటరు కన్నా ఐఇసి 61243-3 ప్రమాణానికి చేసిన రెండు ప్రోబుల వోల్టేజి టెస్టరు మేలైనది; దానిలో తిప్పవలసిన స్విచ్ ఉండదు, తప్పు రేంజి పెట్టే అవకాశమే లేదు. వైరుకు తాకించకుండా వెలిగే పెన్ను టెస్టరు ఏ వైరు ఎటు పోతోందో వెతకడానికి బాగుంటుంది, కాని కవచం ఉన్న కేబుల్ మీదా, డీసీ మీదా అది మౌనంగా ఉంటుంది కనుక దాని మౌనాన్ని సాక్ష్యంగా తీసుకోకు. నియాన్ స్క్రూడ్రైవర్ టెస్టరు గురించి కూడా ఇంతే. ఎండలో ఆ వెలుగు కనిపించదు, పైగా అది వెలిగేది నీ శరీరం గుండా పారే కరెంటుతో.

క్లాంప్ మీటరు విషయంలో చెప్పవలసినది తక్కువ. దవడల మధ్య ఒకే వైరు ఉండాలి. ఫేజు, న్యూట్రల్ రెండూ కలిపి పెడితే ఒకదాన్నొకటి కొట్టేసి మళ్లీ ఆ సున్నానే వస్తుంది. దవడలు కలిసే ముఖాల మీద దుమ్ము పేరుకుంటే రీడింగు తగ్గుతుంది. డీసీ కూడా కొలిచే క్లాంపును ప్రతి డీసీ కొలతకు ముందు సున్నాకు సరిచేయాలి.

మెగ్గర్, అంటే వైర్ల ఇన్సులేషన్ నిరోధం కొలిచే పరికరం, కొనేటప్పుడు 250, 500, 1000 వోల్టులు మూడూ ఉన్నవి చూడు. 500 వోల్టుల లోపు సర్క్యూట్లకు 500 వోల్టుల డీసీతో పరీక్షించినప్పుడు కనీసం 1 మెగాఓం రావాలని ఐఇసి 60364-6 చెబుతుంది. కొత్త వైరింగులో అంత తక్కువ వచ్చిందంటే ఎక్కడో లోపం ఉన్నట్టే అనుకో, కాగితం మీద పాసైనా సరే. పరీక్షకు ముందు సరఫరా లేదని నిర్ధారించుకుని, ఎలక్ట్రానిక్ ఉపకరణాలనూ సర్జ్ అరెస్టర్లనూ విడదీయి. పరీక్ష తరువాత కేబుల్‌లో నిలిచిన చార్జి పూర్తిగా దిగేవరకు లీడ్లు తీయకు. మామూలు మల్టీమీటరు ఓంల రేంజితో ఇన్సులేషన్ చూడటం పనికిరాదు, ఎందుకంటే అది కొద్ది వోల్టులతో మాత్రమే చూస్తుంది, బలహీనమైన ఇన్సులేషన్ ఆ కొద్ది వోల్టులకు బయటపడదు.

కచ్చితత్వం గురించి మాన్యువల్‌లో ఉండే అంకెను చదవడం నేర్చుకో. 0.9 శాతం, దానికి అదనంగా 2 అంకెలు (చివరి స్థానంలో 2 తేడా) అని రాసి ఉంటే, 0.1 ఓం వరకే చూపే రేంజిలో 0.4 ఓం అని కనిపించినదానిలో దాదాపు 0.2 ఓం అటూ ఇటూ ఉండవచ్చు. చూపిన విలువలో సగమన్నమాట. అందుకే ఎర్తు వైరు కంటిన్యూటీని (ఎక్కడా తెగకుండా ఉందా అన్నదాన్ని) మల్టీమీటరు బీప్‌తో తేల్చకూడదు. కనీసం 200 మిల్లీఆంపియర్లు పంపి, లీడ్ల నిరోధాన్ని తీసివేసి చూపే పరికరం కావాలి. అది చాలావరకు మెగ్గర్‌లోనే కలిసి వస్తుంది కనుక వేరే ఖర్చు లేదు.

ఇక సంరక్షణ. మీటర్లలో ముందుగా పాడయ్యేవి లీడ్లే. ప్రతి ఉదయం రెండు మొనలను కలిపి ఓంలలో చూడు. అర ఓంకు మించి వచ్చినా, వైరును ప్రోబు దగ్గరా ప్లగ్గు దగ్గరా వంచినప్పుడు అంకె ఎగిరినా ఆ జత పనికిరాదు. ఇన్సులేషన్ చీలి లోపలి రంగు కనిపిస్తే టేపు చుట్టకుండా పారేయి. మీటరుకు లీడ్లు చుట్టి పెట్టే అలవాటు సదుపాయంగానే ఉంటుంది, కాని ప్రతిసారీ ఒకే చోట మడత పడి అక్కడే తెగుతుంది. వదులుగా చుట్ట చుట్టి పక్కన పెట్టు.

బ్యాటరీ గుర్తు వెలిగిన రోజే బ్యాటరీ మార్చు, ఎందుకంటే నీరసించిన బ్యాటరీతో కొన్ని మీటర్లు ఆగిపోకుండా తప్పు అంకెలు చూపుతాయి. నెలల తరబడి వాడని పరికరంలో బ్యాటరీ ఉంచకు. ఆల్కలీన్ సెల్ కారితే ఆ క్షారం స్ప్రింగులనే కాదు, బోర్డు మీది రాగి గీతలను కూడా తినేస్తుంది. ఫ్యూజు మార్చవలసి వస్తే అదే వోల్టేజి, అదే ఆంపియర్లు, అదే తెంపుడు సామర్థ్యం ఉన్నది వేయి. తుడవడానికి తడి పిండేసిన గుడ్డ, కొద్దిగా సబ్బునీరు చాలు. పెట్రోలు, థిన్నరు తగిలితే ప్లాస్టిక్ పగుళ్లిస్తుంది. ఎండలో నిలిపిన వాహనంలో వదిలేయకు. తడిసిన మీటరు ఆరిన తరువాత పని చేస్తున్నట్టు కనిపించినా, ఎత్తు నుంచి పడినదాని కేసు పైకి బాగానే ఉన్నా, లోపల చూపించేవరకు లైవ్ పనికి తీసుకువెళ్లకు.

ఏడాదికి ఒకసారి, ఐఎస్ఓ/ఐఇసి 17025 గుర్తింపు ఉన్న ప్రయోగశాలలో క్యాలిబ్రేషన్ చేయించు, అంటే పరికరం అంకెలను ప్రామాణిక విలువలతో పోల్చి చూపించు. ఈ మధ్యలో నీవే చూసుకోవడానికి ఒక చిన్న పెట్టెలో తెలిసిన విలువల రెసిస్టర్లు బిగించి ఉంచుకో. మెగ్గర్ కోసం పెట్టే 1 మెగాఓం రెసిస్టరు 500 వోల్టులకు తట్టుకునేదై ఉండాలి. ఆ వోల్టేజికి దానిలో పావు వాటు వేడి పుడుతుంది, పైగా సాధారణ చిన్న రెసిస్టర్లలో చాలావి అంత వోల్టేజికి తయారైనవి కావు. నెలకొకసారి ఆ రీడింగులను తేదీతో నోటుపుస్తకంలో రాయి.

క్యాలిబ్రేషన్ పత్రం తీసుకునేటప్పుడు సరిచేసిన తరువాతి అంకెలతో తృప్తిపడకు; పరికరం వారికి అందినప్పుడు ఎలా ఉందో ఆ అంకెలు కూడా ఇవ్వమని ముందే అడుగు. అవి హద్దు దాటి ఉంటే, కిందటి క్యాలిబ్రేషన్ తరువాత ఆ పరికరంతో నీవు సరేనని సంతకం పెట్టిన పనులన్నీ అనుమానంలో పడతాయి. నెలనెలా రాసిన నోటుపుస్తకం ఉంటే రీడింగు ఏ నెలలో జారడం మొదలుపెట్టిందో తెలుస్తుంది, వెనక్కి వెళ్లి మళ్లీ పరీక్షించవలసినవి ఆ నెల నుంచి చేసిన పనులకే పరిమితమవుతాయి. ప్రతి పరీక్షా నివేదికలోనూ వాడిన పరికరం సీరియల్ నంబరు రాయమనేది కూడా ఇందుకే. రెండు మెగ్గర్లు ఉన్ననాడు ఏది ఎక్కడ వాడావో జ్ఞాపకం ఉండదు.

ఆశీస్సులతో,
నీ పెదనాన్న