అమలాపురంలో ఉండి డాలర్ల ప్రకటన ఆదాయం అందుకోవడం ఎలా?

అమలాపురం నుంచి కొబ్బరి సాగుపై వెబ్‌సైట్ నడుపుతున్న మీరు, సైట్‌లో ప్రకటనలు చూపినందుకు గూగుల్ యాడ్‌సెన్స్ చెల్లించే సొమ్ము ఎలా అందుతుందో, అందులో ఎంత కోత పడుతుందో అడిగారు. ఆ సొమ్ము వైర్ బదిలీగా నేరుగా బ్యాంకు ఖాతాలో జమ అవుతుంది. ఆదాయం కనీసం 100 డాలర్లకు చేరాక, మరుసటి నెల 21-26 తేదీల మధ్య పంపుతారు.

చాలామంది తడబడేది స్విఫ్ట్ కోడ్ దగ్గర, అంటే విదేశాల నుంచి వచ్చే సొమ్ముకు బ్యాంకును గుర్తించే కోడ్ దగ్గర. చిన్న శాఖలకు సాధారణంగా సొంత కోడ్ ఉండదు కనుక, దేశంలోపలి బదిలీలకు వాడే ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌తో సరిపెట్టకుండా, మీ బ్యాంకులో విదేశీ మారకం చూసే పెద్ద శాఖ కోడ్‌ను మేనేజరుగారిని అడిగి రాయించుకోవాలి.

అసలు కోత రుసుముల పట్టికలో కనబడదు, మారకపు రేటులో దాగి ఉంటుంది. మార్కెట్ ధర కంటే డాలరుకు ఒక్క రూపాయి తగ్గించినా, 150 డాలర్లకు 150 రూపాయలు పోయినట్టే. దానికి తోడు, 25,000 రూపాయల లోపు మారకానికి సేవ విలువను 250 రూపాయలుగా లెక్కగట్టి, 18 శాతం జీఎస్‌టీ కింద 45 రూపాయలు వసూలు చేస్తారు. కొన్ని బ్యాంకులు ప్రతి బదిలీకీ విడిగా రుసుము తీసుకుంటాయి. అందువల్ల, దింపు పూర్తయ్యాకే కాయలను లారీకెత్తించినట్టు, యాడ్‌సెన్స్‌లో చెల్లింపు పరిమితిని పెంచుకుని రెండు మూడు నెలలకోసారి తెప్పించుకోవడమే నయమని నా అభిప్రాయం. జమ అయిన ప్రతిసారీ విదేశీ జమ పత్రాన్ని అడిగి, ఆదాయపు పన్ను లెక్కల కోసం దాచుకోండి.