పాత గాడ్జిల్లా ఇప్పుడు చూడటం దండగా? కాదు, మొదటి ఇరవై నిమిషాల కోసమైనా చూడండి

కొత్త గాడ్జిల్లా సినిమాలన్నీ చూసేశాను, 1954 నాటి బ్లాక్ అండ్ వైట్ సినిమా కూడా చూడాలా, రబ్బరు బొమ్మను చూస్తే నవ్వొస్తుందేమో అని అడిగారు. తప్పకుండా చూడండి. నేనైతే అందులో రాక్షసి సరిగా కనిపించకముందు నడిచే భాగం కోసమే చూడమంటాను.

మాది విశాఖ వన్‌టౌన్. మా పెదనాన్న ఫిషింగ్ హార్బర్ దగ్గర ఐసు ఫ్యాక్టరీలో పనిచేసేవారు. చిన్నప్పుడు ఆయన వెంట వెళ్లినప్పుడు, తుఫాను హెచ్చరిక వచ్చాక కూడా వేట నుంచి తిరిగిరాని మరబోటు కోసం ఆడవాళ్లు జెట్టీ మీద కూర్చుని ఉండటం చూశాను. ఎవరూ ఏడ్చేవారు కాదు, దూరంగా ఏ బోటు లైటు కనిపించినా అందరూ ఒక్కసారే లేచి నిలబడేవారు. ఆ సినిమా మొదలయ్యేదే సముద్రంలో ఒక ఓడ మునిగిపోవడంతో. దాన్ని వెతకడానికి వెళ్లిన ఓడ కూడా తిరిగి రాదు, ఇంటివాళ్లంతా వచ్చి మావాళ్ల సంగతేంటని అరుస్తుంటారు. అది చూస్తుంటే నా కళ్ల ముందు ఆ జెట్టీయే కనిపించింది, గొంతు పట్టేసింది.

ఆ సీను ఊరికే పుట్టలేదు. 1954 మార్చి 1న అమెరికా బికినీ దీవుల్లో హైడ్రోజన్ బాంబు పరీక్షిస్తే, ట్యూనా వేటకెళ్లిన ఒక జపాన్ పడవ మీద ఆ పేలుడు బూడిద పడింది. పడవలో ఉన్న 23 మందికీ రేడియేషన్ జబ్బు చేసింది, రేడియో ఆపరేటర్ సెప్టెంబరులో చనిపోయాడు. సినిమా నవంబరు 3న విడుదలైంది. అంటే హాల్లో కూర్చున్నవాళ్లు ఆ వార్తలు పేపర్లో చదివి వచ్చినవాళ్లే. దర్శకుడు ఇషిరో హోండా కూడా యుద్ధం నుంచి ఇంటికి తిరిగొస్తూ హిరోషిమాను చూసినవాడు.

సినిమాలో ఆ తర్వాత ఓడో అనే దీవిలో తుఫాను రాత్రి వస్తుంది. గాలి, వాన, ఇళ్లు ఊగిపోయి కూలడం, అంతే, రాక్షసిని చూపించరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌లో తలుపుకి మంచం అడ్డుపెట్టి కూర్చున్న మాకు ఆ సీను గురించి ఎవరూ వివరించక్కర్లేదు.

ఇక రబ్బరు బొమ్మ సంగతి. లోపల ఉన్నది హరువో నకజిమా అనే నటుడు. మొదటి సూటు బరువు దాదాపు 100 కిలోలు, అందులో కొన్ని నిమిషాలకు మించి ఉండలేకపోయేవాడు. నడక కోసం జూకి వెళ్లి ఏనుగుల్నీ ఎలుగుబంట్లనీ గమనించాడు. చిన్న చిన్న భవనాలు కట్టి, కెమెరాని మామూలు కంటే వేగంగా తిప్పి తీశారు, దాంతో తెర మీద ప్రతి అడుగూ నెమ్మదిగా, బరువుగా పడుతుంది. గాడ్జిల్లా అరుపైతే డబుల్ బాస్ అనే పెద్ద తీగ వాయిద్యం తీగల్ని వదులు చేసి, జిగురు పూసిన తోలు గ్లవుతో రుద్ది తీసింది! విఠలాచార్య సినిమాలు చూసి పెరిగిన మనకి ఇలా చేత్తో చేసిన మాయ విలువ తెలియకపోవడమేంటి? మాయాబజార్ ట్రిక్కులు ఇప్పటికీ కళ్లప్పగించి చూస్తాం కదా.

ఒక్క జాగ్రత్త. 1956లో అమెరికా వాళ్లు రేమండ్ బర్ అనే నటుణ్ని విలేకరిగా పెట్టి కొత్త సీన్లు కలిపి, హైడ్రోజన్ బాంబు గురించిన మాటలు చాలావరకు తగ్గించి విడుదల చేసిన వెర్షన్ ఒకటుంది. నేను మొదట అదే చూసి ఇంతేనా అని పక్కన పెట్టేశాను, ఏళ్లు వృథా అయ్యాయి. మీరు జపాన్ ఒరిజినల్ వెతకండి, 96 నిమిషాలే, సబ్‌టైటిల్స్‌తో, రాత్రిపూట, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని. టోక్యో తగలబడుతుంటే ఒక తల్లి పిల్లల్ని దగ్గరికి లాక్కుని, కాసేపట్లో నాన్న దగ్గరికి వెళ్లిపోతాం అంటుంది. అక్కడ ఫోను చూడకండి.

ఆ తర్వాత 2023లో వచ్చిన ‘గాడ్జిల్లా మైనస్ వన్’ మళ్లీ పెట్టండి, విజువల్ ఎఫెక్ట్స్‌కి ఆస్కార్ గెలిచింది అదే. అందులోని చెక్క పడవ సీను ఈసారి మీకు వేరేలా కనిపిస్తుంది. చూశాక ఇక్కడే రాయండి, ముఖ్యంగా పాతదాంట్లో మొదటి ఇరవై నిమిషాలు ఎలా అనిపించాయో.