పిల్లల మోచేయి విరిగితే కట్టు వేశాక ఏం చూడాలి?

ఆరేళ్ల పాప మంచం మీంచి పడి మోచేతికి కాస్త పైన ఎముక విరిగింది, కట్టు వేసి ఇంటికి పంపారు, ఎలా చూసుకోవాలని అడిగారు.

చెయ్యి చాచి పడితే ఎముక పలచగా ఉండే ఆ చోట విరగొచ్చు. 5-7 ఏళ్ల పిల్లల్లో ఇది మామూలే. ఎముక పక్కకు జరగకపోతే సుమారు 3 వారాల కట్టు చాలు. బాగా జరిగితే మత్తిచ్చి సరిచేసి ఎముక కదలకుండా కె-వైర్లు (సన్నని లోహపు తీగలు) గుచ్చుతారు, 3-4 వారాలకు తీసేస్తారు.

అసలు టెన్షన్ మొదటి రెండు రోజులదే. ఎముక ముందు నుంచే చేతికి రక్తం తీసుకెళ్లే నాళం, నరాలు వెళ్తాయి. వాపు పెరిగితే నలిగిపోతాయి. చెయ్యి దిండ్ల మీద ఎత్తుగా ఉంచండి. గోరు నొక్కి వదిలితే రెండు సెకన్లలో మళ్లీ రంగు రావాలి. బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టమనండి, పాపకి ఆటలా ఉంటుంది, మీకు నరం సంగతి తెలుస్తుంది. మందు వేసినా నొప్పి పెరుగుతున్నా, వేళ్లు మెల్లగా చాపితే కెవ్వుమన్నా, వేళ్లు చల్లబడి పాలిపోయినా అర్ధరాత్రయినా ఆస్పత్రికి వెళ్లండి. నాటుకట్టు బిగించి కట్టిస్తే ఈ ప్రమాదమే ఎక్కువ.

కట్టు విప్పాక చెయ్యి బిగుసుకుపోయి ఉంటుంది. అమ్మమ్మలు నూనె గిన్నెతో సిద్ధంగా ఉంటారు, వద్దని చెప్పండి. గట్టిగా మర్దన చేసినా, బలవంతంగా వంచినా కండరంలో ఎముక పెరిగే అవకాశముంది. పాపని తన పనులు తనని చేసుకోనిస్తే కొన్ని వారాల్లో చాలావరకు అదే వంగుతుంది.