పరిశోధన చేస్తానంటున్న అమ్మాయి, అర్థం కాని అంకెలు

ప్రశ్న: మాది ఎమ్మిగనూరు. ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. మా అమ్మాయి కర్నూలులో ఎంబీబీఎస్ మూడో సంవత్సరం చదువుతోంది. క్లినిక్ పెట్టనని, ప్రజారోగ్యంలో పరిశోధన చేస్తానని అంటోంది. తనకు ఆదర్శమంటూ ఒక పరిశోధకురాలి పేజీని ఫోనులో చూపించింది. అందులో సైటేషన్లు 2,140, హెచ్-ఇండెక్స్ 21 అని ఉంది. ఇవి మార్కులా, ర్యాంకులా? ఈలోగా ఒకాయన ఫోను చేసి, 12,000 రూపాయలు కడితే 10 రోజుల్లో అంతర్జాతీయ జర్నల్‌లో, అంటే పరిశోధన పత్రికలో, మా అమ్మాయి పేరు వేయిస్తానన్నాడు. కట్టమంటారా?

జవాబు: నమస్కారం సార్. మీ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. కట్టకండి, ఒక్క రూపాయి కూడా. ఎందుకు వద్దంటున్నానో తెలియాలంటే ఆ పేజీలోని అంకెలు ఎక్కడి నుంచి పుడతాయో తెలియాలి. మీరు లెక్కల టీచరు కాబట్టి నా పని సగం తగ్గింది.

ఒక పరిశోధకురాలు తాను చేసిన పనిని పత్రంగా ప్రచురిస్తుంది. ఆ పనిని మరొకరు తమ పత్రంలో వాడుకున్నా, దానితో విభేదించినా, ఆ వాక్యం చివర చిన్న అంకె వేసి, పత్రం చివరి జాబితాలో ఆమె పత్రం వివరాలు రాస్తారు. అదే ఒక సైటేషన్. ఇలా ఎవరు ఎవరిని ప్రస్తావించారో లెక్క కట్టవచ్చన్న ఆలోచనను అమెరికాకు చెందిన యూజీన్ గార్ఫీల్డ్ 1955లో ముందుకు తెచ్చారు. 1964లో దాన్ని సూచికగా అచ్చు వేశారు. ఇప్పుడు ఆ పని కంప్యూటర్లు చేస్తున్నాయి. కాబట్టి 2,140 అన్నది ఎవరో కూర్చుని దిద్ది వేసిన మార్కు కాదు. వేర్వేరు పత్రాల చివరి జాబితాల్లో ఆమె పత్రాలు అన్నిసార్లు కనిపించాయి, అంతే. అందులో ఆమె తన పాత పత్రాలను తానే ప్రస్తావించుకున్నవి కూడా ఉండవచ్చు.

ఇక హెచ్-ఇండెక్స్. దీన్ని 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ప్రతిపాదించారు. ఒక తెల్లకాగితం తీసుకోండి. ఒకరి 8 పత్రాలకు వచ్చిన సైటేషన్లను పెద్దది ముందు ఉండేలా వరసగా రాయండి: 40, 22, 9, 6, 5, 3, 1, 0. పక్కన 1 నుంచి 8 వరకు వరస సంఖ్య వేయండి. సైటేషన్లు వరస సంఖ్యకు తగ్గకుండా ఉన్న చివరి వరస సంఖ్యే హెచ్-ఇండెక్స్. ఐదో పత్రానికి 5 సైటేషన్లు ఉన్నాయి, సరిపోయింది. ఆరో పత్రానికి 3 మాత్రమే, సరిపోలేదు. కాబట్టి హెచ్-ఇండెక్స్ 5. ఇంకొకరికి ఒకే పత్రానికి 300, మిగిలిన నాలుగింటికి తలా రెండు ఉన్నాయనుకోండి. మొత్తం 308 సైటేషన్లు, అయినా హెచ్-ఇండెక్స్ 2. మొదటి మనిషికి మొత్తం 86 మాత్రమే. ఎవరు గొప్ప? ఈ ప్రశ్న మీ అమ్మాయిని అడగండి. ఆ 300 సైటేషన్ల పత్రంలో ఏముందో చదవకుండా ఆమె జవాబు చెప్పలేదు. నేను మీకు చెప్పదలచుకున్నదంతా దాదాపు ఇక్కడే ఉంది.

కొన్ని పత్రాలు తప్పు అయినందుకే ఎక్కువగా ప్రస్తావనకు వస్తాయి. టీకాకు, ఆటిజానికి ముడిపెడుతూ 1998లో లాన్సెట్ అనే వైద్య జర్నల్‌లో 12 మంది పిల్లల మీద ఒక పత్రం వచ్చింది. 2010లో ఆ జర్నలే దాన్ని ఉపసంహరించుకుంది. దాన్ని ఖండించడానికి రాసిన ప్రతి పత్రమూ దానికి మరో సైటేషన్ చేర్చింది. అంకెను చూస్తే మాత్రం బాగా పేరున్న పత్రంలా కనిపిస్తుంది.

పద్ధతి చెప్పే పత్రాల సంగతి మరో రకం. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, తోటి పరిశోధకుడు ఫిస్కేతో కలిసి 1925లో ఒక పత్రం ప్రచురించారు. శరీర ద్రవాల్లో ఫాస్ఫరస్ ఎంత ఉందో రంగు గాఢతను బట్టి కొలిచే విధానం అది. బయోకెమిస్ట్రీ ప్రయోగశాలల్లో తరతరాలు దాన్ని వాడుకున్నాయి. వాడుకున్న ప్రతివారూ పేరు రాయాల్సిందే కాబట్టి వేల సైటేషన్లు వచ్చాయి. ప్రోటీన్ కొలిచే పద్ధతి మీద 1951లో లౌరీ బృందం ప్రచురించిన పత్రానికి 3 లక్షలకు పైగా ఉన్నాయి. నలుగురికీ పనికొచ్చే కొలబద్ద చేసి ఇచ్చినవారి పేరు ఇలా నిలబడుతుంది.

వీటికి పూర్తిగా భిన్నమైన కథ శంభునాథ్ దే గారిది. మీ అమ్మాయికి తప్పక చెప్పండి. కలకత్తాలో పెద్ద వసతులేవీ లేకుండా పనిచేశారాయన. కుందేలు చిన్నపేగులో కొంత భాగాన్ని రెండు వైపులా దారంతో కట్టి, కలరా బ్యాక్టీరియా పెరిగిన ద్రవాన్ని వడపోసి, బ్యాక్టీరియా లేకుండా చేసి, ఆ భాగంలోకి ఎక్కించారు. పేగు నీటితో ఉబ్బింది. అంటే మనిషిని చంపుతున్నది ఆ క్రిమి విడుదల చేసే విషం. ఆ పత్రం 1959లో నేచర్ అనే జర్నల్‌లో వచ్చింది. చాలా ఏళ్లు దాన్ని పెద్దగా పట్టించుకున్నవారు లేరు. ఆయన 1985లో కన్నుమూశారు. మరుసటి ఏడాది, సైటేషన్ల లెక్క మొదలుపెట్టిన ఆ గార్ఫీల్డే, కలరా పరిశోధనకు దారి వేసిన మనిషిగా ఆయన గురించి ప్రత్యేకంగా రాశారు. పత్రం వచ్చిన మూడు నాలుగేళ్లలో ఆయన పేజీ ఎవరైనా తెరిచి ఉంటే ఏమనుకునేవారు? ఇది తలచుకున్నప్పుడల్లా నాకు మనసు బరువెక్కుతుంది.

ఇక మీ అమ్మాయి చూపించిన పేజీని ఎలా చదవాలో చెబుతాను. ఇటీవల కడప నుంచి వచ్చిన ఒక విద్యార్థితో నేను ఇదే చేయించాను. ఫ్లోరైడ్ నీటి వల్ల పిల్లల పళ్లపై పడే మరకల గురించిన ఒక పత్రం తీసుకున్నాం. దాన్ని ప్రస్తావించిన పత్రాల జాబితా తెరిచి, మొదటి పదింటిలో ఆ చిన్న అంకె ఎక్కడ పడిందో వేలు పెట్టి వెతికాం. ఏడింటిలో అది ముందుమాటలోనే ఉంది: ‘ఫ్లోరోసిస్ అనేక ప్రాంతాల్లో సమస్యగా ఉంది’ అన్న వాక్యం చివర, మరో ఆరు అంకెల మధ్య. రెండింటిలో పళ్ల మరకలను శ్రేణులుగా విభజించిన తీరును యథాతథంగా వాడుకున్నారు. ఒకరు మాత్రం, తాగునీరు ఒక్కటే కొలిచి వంటనీటిని ఎందుకు వదిలేశారని నిలదీశారు. ఆ విద్యార్థి ఆ పదో పత్రం దగ్గర చాలాసేపు ఆగిపోయాడు. ‘మా ఊళ్లోనూ వంటకు బోరు నీళ్లే సార్’ అన్నాడు. పరిశోధన అలాంటి చోటే మొదలవుతుంది.

రాయలసీమలో ఉండి ఏం పరిశోధన అన్న బెంగ మీకుంటే, బత్తలపల్లి వైపు చూడండి. అనంతపురానికి దగ్గర్లోని ఆ ఊళ్లో ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) ఆసుపత్రికి వచ్చిన హెచ్ఐవీ రోగుల వివరాల ఆధారంగా, విన్సెంట్ ఫెర్రర్ కోహార్ట్ అధ్యయనం (ఒకే రోగుల బృందాన్ని కొంతకాలం గమనించే అధ్యయనం) పేరిట అంతర్జాతీయ జర్నళ్లలో ఎన్నో పత్రాలు వచ్చాయి. వాటిని పబ్‌మెడ్ అనే ఆన్‌లైన్ వైద్య పత్రాల సూచికలో వెతకవచ్చు. పబ్‌మెడ్‌లో వెతకడానికి రుసుము లేదు.

ఇప్పుడు ఆ ఫోను మనిషి సంగతి. సరైన జర్నల్‌కు పత్రం పంపితే, అదే రంగంలో పనిచేసే ఇద్దరు ముగ్గురు చదివి, ప్రశ్నలు వేసి తిప్పి పంపుతారు. సరిదిద్ది మళ్లీ పంపాలి. ఇది నెలల పని, 10 రోజుల్లో తేలదు. అందరికీ ఉచితంగా చదవనిచ్చే మంచి జర్నళ్లు కొన్ని ప్రచురణ రుసుము తీసుకుంటాయి, నిజమే. కానీ అది పత్రాన్ని పరిశీలించి అంగీకరించిన తర్వాత, జర్నల్ వెబ్‌సైట్‌లో బహిరంగంగా రాసిన రేటు ప్రకారం. మీకు ఫోను చేసినవాడు అమ్ముతున్నది వేరు: చేయని పనికి రచయితగా పేరు. అంతర్జాతీయ వైద్య జర్నల్ సంపాదకుల నియమాల ప్రకారం, పనిలో నిజంగా పాలుపంచుకుని, రాతలో చేయి వేసి, అందులోని ప్రతి అంకెకూ జవాబుదారీగా నిలబడేవారే రచయితలు. రేపు ఆ పత్రంలో రోగుల లెక్కలు కల్పితమని తేలితే, జవాబు చెప్పాల్సిన పేరు మీ అమ్మాయిదే. ఉపసంహరించిన పత్రం పేజీ కూడా ఇంటర్నెట్‌లో అలాగే ఉండిపోతుంది. ఆమె వయసు ఇరవై దాటిందో లేదో, ఆ మచ్చ ఎందుకు?

ఆ డబ్బు ఖర్చు లేకుండా ఆమెకు నిజమైన దారి ఉంది. భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్, 1979 నుంచి వైద్య విద్యార్థులకు స్వల్పకాలిక స్టూడెంట్‌షిప్, అంటే చిన్న పరిశోధన చేసే అవకాశం, ఇస్తోంది. కాలేజీలో ఒక అధ్యాపకుడిని గైడ్‌గా పెట్టుకుని, చిన్న ప్రతిపాదన రాసి, ఎంపికైతే రెండు నెలలు పనిచేసి నివేదిక ఇవ్వాలి. కమ్యూనిటీ మెడిసిన్ విభాగంలో అడిగితే దరఖాస్తు వివరాలు చెబుతారు. ఎంబీబీఎస్ తర్వాత కమ్యూనిటీ మెడిసిన్, మైక్రోబయాలజీ, ఫార్మకాలజీలలో ఎండీ చేయవచ్చు. లేదంటే చెన్నైలోని జాతీయ ఎపిడెమియాలజీ (జనంలో వ్యాధుల వ్యాప్తిని అధ్యయనం చేసే శాస్త్రం) సంస్థలోనో, తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థ అచ్యుత మేనన్ కేంద్రంలోనో మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్. పోషకాహారంపై ఆసక్తి ఉంటే హైదరాబాద్‌లో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. సంపాదన సంగతి దాచను: క్లినిక్ పెట్టిన తోటివారి కంటే ఆదాయం మెల్లగా పెరుగుతుంది, తొలి ఏళ్లలో ఒప్పంద ఉద్యోగాలే ఎక్కువ. ఇంటి పరిస్థితి దానికి తట్టుకుంటుందా అన్నది మీరిద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలి. ఎండీ చేస్తే బోధన, వైద్యం, పరిశోధన మూడూ కలిపి నడుపుకునే వీలుంటుంది కాబట్టి, నా మొగ్గు అటే.

ఒక పని ఈ వారమే మొదలుపెట్టించండి. తనకు ఆదర్శమైన ఆ పరిశోధకురాలి పత్రాల్లో ఒకదాన్ని, పట్టికలతో సహా, మొదటి నుంచి చివరి దాకా చదవమనండి. పదిహేను రోజులు పట్టినా ఫర్వాలేదు. అర్థం కాని పట్టికను మీకు వివరించే ప్రయత్నం చేయమనండి, శాతాలూ సగటులూ మీకు కొట్టిన పిండే. ఎక్కడ ఆగిపోయిందో ఆ ఒక్క ప్రశ్నను నాలుగు వాక్యాల్లో ఆ పరిశోధకురాలికి ఈమెయిల్ రాయమనండి. పత్రం పేరు, పట్టిక నంబరు, ప్రశ్న, తన కాలేజీ పేరు చాలు. సైటేషన్ల ప్రస్తావన అందులో అక్కర్లేదు.