కారులో టచ్‌స్క్రీన్ స్టీరియో: 9 అంగుళాల ఆండ్రాయిడా, 7 అంగుళాల రిసీవరా?

మీరు అడిగింది ఇది: 2015 స్విఫ్ట్‌లో కంపెనీ ఇచ్చిన పాత సిస్టమ్ తీసేసి టచ్‌స్క్రీన్ పెట్టించాలి. షాపులో 9 అంగుళాల ఆండ్రాయిడ్ స్టీరియో చూపించారు. అదే సోనీ, పయనీర్, కెన్‌వుడ్ వాళ్ళ 7 అంగుళాల సెట్‌కి దాదాపు రెట్టింపు ధర చెప్పారు. రోజూ ఆఫీసుకు వెళ్ళి రావడానికి ఏది మేలు?

మా ఇంట్లో రెండు రకాలూ ఉన్నాయి. నా డిజైర్‌లో 7 అంగుళాల రిసీవర్, నాన్నగారి వ్యాగన్ ఆర్‌లో 9 అంగుళాల ఆండ్రాయిడ్ సెట్. రెండు కార్లూ నేను నడుపుతుంటాను. రోజువారీ వాడకానికైతే నేను కచ్చితంగా చెప్పేది ఒకటే: కార్‌ప్లే (ఐఫోన్‌ను కారు స్క్రీన్ మీద చూపించేది), ఆండ్రాయిడ్ ఆటో (ఆండ్రాయిడ్ ఫోన్‌కి అలాంటిదే) రెండూ ఉన్న రిసీవర్ తీసుకోండి, స్క్రీన్ కాస్త చిన్నదైనా సరే.

ఎందుకంటే రిసీవర్‌లో అసలు పని మీ ఫోనే చేస్తుంది. మ్యాప్స్, పాటలు, కాల్స్ అన్నీ ఫోన్‌లోనివే, స్క్రీన్ మీద కనిపిస్తాయంతే. కొత్త ఫోన్‌కి మారితే కారు స్క్రీన్ మీద పని కూడా వేగంగా జరుగుతుంది. ఆండ్రాయిడ్ సెట్ అలా కాదు. దానికి సొంత ప్రాసెసర్, సొంత ర్యామ్, సొంత యాప్‌లు ఉంటాయి. ఇంటర్నెట్ కావాలంటే ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేయాలి, లేదా సెట్‌లో సిమ్ వేయాలి. యాప్‌లు ఏటా బరువెక్కుతాయి, 2 జీబీ ర్యామ్ మాత్రం అక్కడే ఉంటుంది. నాన్నగారి కారులో ఇప్పుడు మ్యాప్స్ తెరిచి, వెనక పాటలు పెడితే స్క్రీన్ మీద వేలు పెట్టిన క్షణానికి కాదు, కాసేపు ఆగి స్పందిస్తుంది. కూడలి దగ్గర ఎటు తిరగాలో చూసుకునే సమయంలో అది చాలా టెన్షన్ పెడుతుంది.

తాళం తిప్పిన తర్వాత ఎంతసేపటికి పనిలోకి వస్తుందన్నది షాపులో ఎవరూ చూడరు. రోజూ వాడేవాళ్ళకు అన్నిటికన్నా ముఖ్యం అదే. నా రిసీవర్‌లో సీట్ బెల్ట్ పెట్టుకునేలోపు ఎఫ్ఎం మోగుతుంది. ఆండ్రాయిడ్ సెట్ రాత్రంతా పూర్తిగా ఆఫ్ అయి ఉంటే లోగో వస్తుంది, తర్వాత హోమ్ స్క్రీన్, తర్వాత బ్లూటూత్ వెతుకులాట, ఈలోపు మీరు వీధి దాటేసి ఉంటారు. దీనికి విరుగుడుగా స్లీప్ మోడ్ ఇస్తారు. తాళం తీసినా సెట్ పూర్తిగా ఆరిపోకుండా, పసుపు వైరు ద్వారా బ్యాటరీ నుంచి కొంచెం కొంచెం కరెంటు తీసుకుంటూ ఉంటుంది. రోజూ కారు తీసేవాళ్ళకు ఇబ్బంది లేదు. నాన్నగారు మాత్రం వారానికోసారి, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా తీస్తారు. సెల్ఫ్ కొట్టినా ఇంజిన్ పట్టుకోక ఇబ్బంది పడ్డారు. సెట్టింగ్స్‌లో స్లీప్ తీసేశాక బ్యాటరీ బాగానే ఉంది, కానీ ప్రతిసారీ ఆ లోగో కోసం ఎదురుచూడాల్సిందే.

రెండోది వాల్యూమ్. దీని గురించి గట్టిగా చెప్తాను. చూడకుండా చేతికి తగిలే గుండ్రని నాబ్, కనీసం నొక్కితే తెలిసే బటన్లు ఉన్న మోడల్ వెతకండి. సోనీ ఎక్స్‌ఏవీ-ఏఎక్స్100లో ముందుభాగంలోనే తిప్పే నాబ్ ఉండేది. అలాంటివి ఇప్పుడు తక్కువ, కానీ కింద వరుసగా బటన్లు ఉన్నవి దొరుకుతాయి. నాన్నగారి సెట్‌లో వాల్యూమ్ గుర్తులు అద్దం ఎడమ అంచున సన్నగా ఉంటాయి. మనం కుడివైపు కూర్చుంటాం కాబట్టి అది చేతికి దూరపు అంచు. గతుకుల రోడ్డు మీద అక్కడ వేలు కుదరదు, కళ్ళు రోడ్డు మీద నుంచి తీయాల్సి వస్తుంది. మీ కారుకు స్టీరింగ్ మీద బటన్లు ఉంటే సగం సమస్య తీరినట్టే, కాకపోతే కొత్త సెట్‌తో అవి పనిచేయడానికి అడాప్టర్ అవసరమవుతుందేమో ముందే అడగండి.

స్క్రీన్ విషయంలో సైజు కన్నా రకం చూడండి. కెపాసిటివ్ టచ్ ఫోన్‌లాగే తాకితే చాలు. తక్కువ ధర మోడళ్ళలో కొన్నిటికి రెసిస్టివ్ టచ్ ఉంటుంది, వేలితో గట్టిగా నొక్కాలి, మ్యాప్‌ను రెండు వేళ్ళతో పెద్దది చేయడం కుదరదు. మన ఎండలకు మెరుపు అద్దం పెద్ద శత్రువు. మే నెల మధ్యాహ్నం నేను తెల్ల చొక్కా వేసుకుంటే నాన్నగారి కారు స్క్రీన్‌లో మ్యాప్ కన్నా నా చొక్కానే బాగా కనిపిస్తుంది. షాపులో ట్యూబ్‌లైట్ కింద అన్నీ బాగుంటాయి. డెమో పెట్టిన కారు ఉంటే బయట ఎండలో కూర్చుని చూడండి.

సౌండ్ గురించి డబ్బా మీద రాసింది పట్టించుకోకండి. 50 వాట్స్ ఇంటూ 4 అన్నది గరిష్ఠ లెక్క. ఇంజిన్ నడుస్తున్నప్పుడు వచ్చే 14.4 వోల్టులతో 4 ఓమ్‌ల స్పీకర్‌కి లోపలి యాంప్ (యాంప్లిఫైయర్) శుభ్రంగా ఇవ్వగలిగేది లెక్క ప్రకారమే 26 వాట్స్ దాటదు, వాస్తవంలో 20 అటూ ఇటూ. 9 అంగుళాల సెట్ అయినా, పెద్ద బ్రాండ్ అయినా ఈ హద్దు ఒక్కటే. అందుకే ఆర్ఎంఎస్, అంటే ఆగకుండా ఇవ్వగలిగే వాట్స్, ఎంతో అడగండి. రేపు విడిగా యాంప్ పెట్టే ఆలోచన ఉంటే ప్రీఅవుట్ వోల్టేజ్ (సెట్ నుంచి యాంప్‌కి వెళ్ళే సిగ్నల్ బలం) చూడండి, 2 వోల్టుల కన్నా 4 వోల్టులది మేలు. ఆ ఆలోచన లేకపోతే స్టీరియో మీద మిగిల్చిన డబ్బుతో ముందు తలుపుల స్పీకర్లు మార్చండి, తేడా వెంటనే తెలుస్తుంది.

అమెరికా నుంచి వచ్చే బంధువులతో తెప్పించుకోవాలనుకునేవాళ్ళు ఎఫ్ఎం గురించి ఒకటి గమనించాలి. అక్కడి సెట్లలో స్టేషన్లు 0.2 మెగాహెర్ట్జ్ చొప్పున, 102.7, 102.9 అంటూ బేసి అంకెల మీదే ఆగుతాయి. హైదరాబాద్ వివిధభారతి 102.8. రీజియన్ మార్చే సెట్టింగ్ లేకపోతే ఆ స్టేషన్ సరిగ్గా పట్టదు. వారంటీ సంగతి సరేసరి.

పెన్‌డ్రైవ్ వాడతారా? నాన్నగారు ఘంటసాల పాటలన్నీ అందులోనే పెట్టుకుంటారు. ఫైల్ పేర్లు తెలుగు లిపిలో ఉంటే నా రిసీవర్ డబ్బాలు డబ్బాలుగా చూపిస్తుంది, ఆండ్రాయిడ్ సెట్ చక్కగా చదువుతుంది. ఫోన్ నుంచి కార్‌ప్లే, ఆండ్రాయిడ్ ఆటోలో పెడితే మాత్రం నా దాంట్లోనూ తెలుగు బాగానే వస్తుంది.

వైర్‌లెస్ కావాలా అంటే, చిన్న చిన్న పనులకు రోజూ పదిసార్లు ఎక్కి దిగేవాళ్ళకు హాయి. ఆండ్రాయిడ్ 11 నుంచి మామూలు ఫోన్లు చాలావరకు వైర్‌లెస్ ఆండ్రాయిడ్ ఆటోకి పనికొస్తాయి. గంట దాటే ప్రయాణమైతే ఫోన్ వేడెక్కుతుంది, ఛార్జింగ్ తగ్గుతుంది. నేను కేబులే వాడతాను. మంచి కేబుల్ కొనండి, మధ్యమధ్యలో కనెక్షన్ తెగిపోతే ముందు దాన్నే అనుమానించండి.

మరి ఆండ్రాయిడ్ సెట్ ఎవరికి? ఫోన్ తగిలించే అలవాటు లేనివాళ్ళకు, రివర్స్ కెమెరా పెద్దగా కనపడాలనుకునే పెద్దవాళ్ళకు, ఆగి ఉన్న కారులో పిల్లలకు వీడియోలు చూపించాలనుకునేవాళ్ళకు బాగుంటుంది. నాన్నగారికి ఆ పెద్ద స్క్రీన్ మీద వెనక కెమెరా చాలా ఇష్టం, దాన్ని మార్చమని నేను అడగను. తీసుకునేటట్టయితే 4 జీబీ ర్యామ్‌కి తగ్గొద్దు. సెట్టింగ్స్‌లో రాసి ఉన్న ఆండ్రాయిడ్ వెర్షన్ అంకెను నమ్మొద్దు, దాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చి పెట్టేవాళ్ళున్నారు. కొనేముందు సెట్‌ని పూర్తిగా ఆఫ్ చేయించి, ఆన్ చేసిన వెంటనే రివర్స్ గేర్ వేసి, కెమెరా బొమ్మ ఎంతసేపటికి వస్తుందో చూడండి.

ఏది కొన్నా ఫిట్టింగ్ దగ్గర పక్కనే నిలబడండి. మీ మోడల్‌కి సరిపోయే కప్లర్ (కారు వైర్లను కోయకుండా సెట్‌కి కలిపే సాకెట్), డాష్‌బోర్డ్ ఫ్రేమ్ ఉంటే తప్ప పని మొదలుపెట్టనివ్వొద్దు, కంపెనీ వైర్లు కోయనివ్వొద్దు. పసుపు వైరు నేరుగా బ్యాటరీకి, ఎరుపు తాళానికి, రెండూ విడిగానే ఉండాలి. తొందరలో రెండూ కలిపేస్తే సెట్ ఎప్పుడూ ఆరదు, లేదా తాళం తీసినప్పుడల్లా స్టేషన్లు మర్చిపోతుంది. హెడ్‌లైట్ వేయగానే స్క్రీన్ వెలుగు తగ్గడానికి ఇల్యూమినేషన్ వైరు ఒకటుంటుంది, చాలామంది దాన్ని టేపు చుట్టి వదిలేస్తారు, రాత్రి కళ్ళలో కొడుతుంది. హ్యాండ్‌బ్రేక్ వైరును బాడీకి కలిపి, నడుస్తుంటే కూడా వీడియో వచ్చేలా చేస్తామంటే వద్దనండి. కాల్స్ మైక్‌ను ఏసీ గాలి తగలని చోట, స్టీరింగ్ వెనకో పిల్లర్ మీదో పెట్టించి, అక్కడినుంచే ఇంటికి ఒక కాల్ చేసి మాట స్పష్టంగా వినపడుతోందా అని అడిగాకే డబ్బులివ్వండి.