చేతిలో డబ్బు లేదని వారంటీ కొంటున్నారా?

ప్రశ్న: 7 ఏళ్ల పాత కారు కొనబోతున్నాను. సేవింగ్స్ అంతా డౌన్ పేమెంట్‌కే సరిపోతుంది, మిగతాది 5 ఏళ్ల లోన్. 2 ఏళ్ల ఎక్స్‌టెండెడ్ వారంటీని కూడా లోన్‌లో కలిపేస్తే ఈఎంఐ కొంచెమే పెరుగుతుందని డీలర్ అంటున్నారు. చేతిలో ఏమీ మిగలదు కాబట్టి వారంటీ ఉంటే ధైర్యంగా ఉంటుందనిపిస్తోంది. మరీ అవసరమైతే క్రెడిట్ కార్డు ఉంది. తీసుకోమంటారా?

జవాబు: వద్దు. అప్పు చేసి అసలే వద్దు.

వారంటీ సంగతి తర్వాత. 'చేతిలో ఏమీ మిగలదు' అని ఒక్క ముక్క రాసి ముందుకెళ్లిపోయారు. నాకు భయం వేసింది అక్కడే. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది చేసే తప్పే ఇది: అత్యవసర నిధి ఉండాల్సిన చోట వారంటీ కాగితం పెట్టుకుంటారు.

ఆ కాగితం 2 ఏళ్లకు చెల్లిపోతుంది. దాని కోసం చేసిన అప్పు 5 ఏళ్లు. 24 వాయిదాలు కట్టేసరికి వారంటీ ఉండదు, ఇంకా 36 వాయిదాలు మిగిలే ఉంటాయి. అప్పటికి కారు వయసు 9 ఏళ్లు, రిపేర్లు పెరిగే వయసు. వడ్డీ 12 శాతం అనుకుంటే వారంటీ ధరలో ప్రతి 100కి చివరికి దాదాపు 133 కడతారు. 'కొంచెమే' అని ఎవరన్నా అంటే, ఎన్ని నెలలు అని అడగండి.

పాత కారులో తరచూ పోయేవి ఏంటి? బ్రేక్ ప్యాడ్లు, క్లచ్ ప్లేటు, బ్యాటరీ, టైర్లు, సస్పెన్షన్ బుష్‌లు. అరుగుదల కింద వీటిని చాలా వారంటీలు పక్కన పెట్టేస్తాయి. ఇంజిన్, గేర్‌బాక్స్ ఉంటాయి, షరతులతో. కూలెంట్ కారిపోయి టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత దాటింది, మీరు గమనించక ఇంకో పది కిలోమీటర్లు నడిపారు, హెడ్ గాస్కెట్ (ఇంజిన్ పైభాగం దగ్గరుండే సీలు) పోయింది అనుకోండి. వేడెక్కిన బండిని ఆపలేదన్న కారణంతో క్లెయిమ్ తిప్పి పంపొచ్చు. సర్వీసు బిల్లులు వరసగా లేకపోయినా అదే గతి. పాత ఓనరు ఆయిల్ ఎప్పుడు మార్పించారో మీకెలా తెలుస్తుంది? పైగా ఇంజిన్ విప్పి చూశాక క్లెయిమ్ రాకపోతే, విప్పిన కూలి కూడా సాధారణంగా మీ నెత్తినే. అంటే వారంటీ ఉన్నా చేతిలో డబ్బు ఉండాల్సిందే.

అందుకే వారంటీకి పెరిగే ఈఎంఐ మొత్తాన్ని ఈ నెల నుంచే వేరే ఖాతాలో వేయండి. మొదట ఒక నెల ఇంటి ఖర్చు, తర్వాత మూడు నెలలది, ఆపైన ఆరు నెలలది. బండి పాడవకపోతే ఆ డబ్బు మీదే. ఉద్యోగం పోయినా, ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసినా ఆదుకుంటుంది. వారంటీ ఆ పని చేయదు. ఇక క్రెడిట్ కార్డు మాట దయచేసి మర్చిపోండి. నెలకు 3 శాతం వడ్డీ అంటే చక్రవడ్డీతో ఏడాదికి 42 శాతం దాటుతుంది. క్లచ్ మార్పించడానికి అంత వడ్డీ కడతారా?

నిధి ఉండి, కారుకి రిపేరు ఖరీదైన ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉండి, తయారీ కంపెనీయే నేరుగా ఇచ్చే వారంటీ నగదుకి దొరికితే ఆలోచించొచ్చు.

ఇంకా అడ్వాన్స్ ఇవ్వలేదు కదా. డీలర్‌కి సంబంధం లేని మెకానిక్‌ని వెంటబెట్టుకెళ్లండి. ఇంజిన్ చల్లగా ఉండగానే స్టార్ట్ చేయించండి, డిప్‌స్టిక్ తీసి ఆయిల్ చూడమనండి, కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాలు చూపే స్కానర్ పెట్టించండి. తర్వాత ఇంకాస్త తక్కువ ధర కారు చూడండి. కనీసం రెండు నెలల ఖర్చు మీ ఖాతాలో మిగిలేలా బేరం కుదిరితేనే సంతకం పెట్టండి.